ఉప, ఉపరి తెలిసినవాళ్ళకి హైపో, హైపర్ కొత్త కాదు

రెండేళ్ళ కిందట ఒకరోజు పొద్దున పదకొండింటికి మావారు వరండాలో పేపర్ చదువుతూ ఉన్నట్టుండి కుర్చీలో పక్కకి ఒరిగారు. ఒళ్ళంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. పిలిస్తే పలుకుతున్నారు కానీ మాట ముద్దగా వస్తోంది. అంతకు వారం ముందే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాం. వాళ్ళిచ్చిన కాగితంలో ‘హైపో’ వస్తే ఏం చెయ్యాలో ఇంగ్లీషులో రాసి ఉంది. మాట గుర్తుంది కానీ, అర్థం తలకిందులుగా గుర్తుంది. షుగర్ బాగా పెరిగిందనుకుని, కాఫీలో వెయ్యబోయిన చక్కెర డబ్బాలోనే ఉంచేశాను.

ఎదురింటి అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది, సెలవులకి ఇంట్లోనే ఉంది. కేకేస్తే పరుగెత్తుకొచ్చింది. వేలు గుచ్చి చూస్తే 54. “టీచరుగారూ, హైపో అంటే తగ్గడమండీ, పెరగడం కాదు” అంటూ, తాతగారు మింగగలరో లేదో చూసుకుని, మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా తాగించింది. పావుగంట ఆగి మళ్ళీ గుచ్చితే 92. ఆయన లేచి కూర్చుని పేపర్ ఎక్కడ పడిందని అడిగారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను 31 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు చెప్పాను. ఉపనది, ఉపగ్రహం, ఉపాధ్యక్షుడు అని ఎన్ని వందలమంది పిల్లల చేత పలికించానో లెక్కలేదు. గ్రీకు ‘హైపో’ మన ‘ఉప’కి తోబుట్టువని ఆ తర్వాతే తెలిసింది. ‘హైపర్’ మన ‘ఉపరి’. ఉప అంటే కింద, దగ్గర. ఉపరి అంటే పైన. గ్రీకులో ‘ఉ’ అచ్చుతో మొదలయ్యే మాటలకి ముందు ఒక ‘హ’ చేరుతుంది, తేడా అంతే. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే ఆ పొద్దున చక్కెర డబ్బా మూత పెట్టేదాన్ని కాదు. అప్పటినుంచీ సాయంత్రాలు మా వరండాలో ఇంటర్, నర్సింగ్, పాలిటెక్నిక్ పిల్లలకి ఇంగ్లీషు ఉపసర్గలు, అంటే మాట ముందు చేరి అర్థం మార్చే ముక్కలు, చెబుతున్నాను. చెప్పే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

చుట్టరికం ఎక్కడిది

ముందు ఒక సంగతి తెలియాలి. తెలుగుకీ ఇంగ్లీషుకీ చుట్టరికం లేదు. సంస్కృతానికీ ఇంగ్లీషుకీ ఉంది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉంటాయని కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ 1786లో చెప్పాడు. తెలుగు, తమిళం, కన్నడం ఆ కుటుంబంలోవి కావని, వాటిది వేరే కుటుంబమని మద్రాసులో కలెక్టరుగా ఉన్న ఫ్రాన్సిస్ ఎల్లిస్ 1816లో ఉదాహరణలతో చూపించాడు. మనం రోజూ వాడే తత్సమాలు సంస్కృతం నుంచి వచ్చినవి కాబట్టి ఆ చుట్టరికం మనకీ పనికొస్తుంది.

మన పిల్లలకి ఇంగ్లీషు మాటల తల దగ్గర తడబాటు ఎందుకో కూడా ఇక్కడే తెలుస్తుంది. అచ్చ తెలుగులో కాదనే మాట చివర వస్తుంది. తినడు, రాదు, డబ్బులేని, పనికిరాని. చివరిదాకా వింటే గానీ అవునో కాదో తేలదు. ఇంగ్లీషులో అది మొదట్లోనే తేలిపోతుంది. అచ్చుతప్పు అని మనం వెనక పెట్టే ‘తప్పు’ని వాళ్ళు ‘మిస్‌ప్రింట్’ అని ముందు పెడతారు. అందుకే పిల్లల చూపు మాట చివరికి పోతుంది, తల జారిపోతుంది. మొదటి వారం నేను చేయించే పని ఒక్కటే: ప్రతి పెద్ద మాటలో మొదటి రెండు మూడు అక్షరాల కింద గీత గీయడం.

అచ్చ తెలుగులో కూడా కొన్ని మాటల తలమీద ఇలాంటి ముక్కలున్నాయి. ముంజేయి చూడండి. ముం, చేయి. ఇంగ్లీషులో అదే ‘ఫోర్‌ఆర్మ్’. ముంగాలు అంటే ‘ఫోర్‌లెగ్’. ‘ఫోర్’ కూడా లాటిన్ నుంచో గ్రీకు నుంచో అరువు తెచ్చుకున్నది కాదు, ఇంగ్లీషు సొంత ముక్క. రెండు దూరపు భాషలు మోచేతికీ మణికట్టుకీ మధ్య భాగానికి ఒకేలా పేరు పెట్టుకోవడం నాకు చాలా ఇష్టమైన విషయం. పిల్లల చేత ముంజేయి పట్టుకుని చెప్పిస్తాను.

కత్తిరించి చూడటం

మాట దొరకగానే తల కత్తిరించండి. మిగిలింది బతికుందా? ‘రీఛార్జ్’లో రీ తీసేస్తే ఛార్జ్ మిగులుతుంది, బతికే ఉంది. ‘రెడీ’లో తీసేస్తే ఏమీ మిగలదు. అక్కడ ఉపసర్గ లేదు. తెలుగులో మనం ఇది ఆలోచించకుండానే చేస్తాం. అన్యాయంలో ‘అ’ని విడదీస్తాం, అరటిలో ‘అ’ని ఎవరూ విడదీయరు.

కొన్నిసార్లు మిగిలిన ముక్క ఇంగ్లీషులో విడిగా బతకదు, లాటిన్‌లోనో గ్రీకులోనో బతుకుతుంది. ‘ప్రోగ్రెస్’లో గ్రెస్ అంటే అడుగు వెయ్యడం. ప్రో అంటే మన ‘ప్ర’, ముందుకి. ప్రగతి అనే మాట అచ్చం ఇదే పోతపోసినట్టుంటుంది. ఇలాంటి జంట దొరికినప్పుడు వదలకండి, ఒక జంట పది మాటల పెట్టు.

తిరగేసిన పరీక్ష కూడా ఉంది. మనం కొన్ని ఉపసర్గల్ని తలలుగా కాక పూర్తి మాటలుగా వాడేస్తున్నాం. ‘మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది’ అంటాం. ఇంటర్ ఉత్త ఉపసర్గ. నడుమ అని అర్థం, సంస్కృతం ‘అంతర్’కి సొంత తోబుట్టువు. బడికీ డిగ్రీకీ నడుమ చదువు కాబట్టి ఇంటర్మీడియట్. ‘ఆటో ఎక్కి రా’ అంటాం. ఆటో అంటే గ్రీకులో ‘స్వయం’. ‘సినిమా సూపర్’ అంటాం. సూపర్ అంటే లాటిన్‌లో ‘ఉపరి’. మొదటిరోజు పిల్లలకి ఈ మూడూ చెబితే, మాకు ఉపసర్గలు రావు అన్న టెన్షన్ సగం పోతుంది. రావడం ఏమిటి, పొద్దున లేస్తే వాటితోనే తిరుగుతున్నారు.

జంటలు కట్టడం

మా కాలంలో ఉపసర్గలు పాటలా వల్లించేవాళ్ళం: ప్ర, పరా, అప, సం, అను, అవ, నిస్, నిర్, దుస్, దుర్, వి, ఆఙ్, ని, అధి, అపి, అతి, సు, ఉత్, అభి, ప్రతి, పరి, ఉప. మొత్తం 22. ఉపరి, అంతర్, ‘అ’, ‘అన్’ ఈ లెక్కలోకి రావు, వ్యాకరణం వాటిని వేరే చోట పెట్టింది. మన పనికి మాత్రం అన్నీ ఒకటే. వీటిలో నాలుగైదు జంటలు గట్టిగా పట్టుకుంటే చాలు, మిగతావి వాటి వెంట వస్తాయి.

అన్నిటికంటే ముందు ‘అ’. హల్లు ముందు అ, అచ్చు ముందు అన్. న్యాయం–అన్యాయం, ఉచితం–అనుచితం, ఆరోగ్యం–అనారోగ్యం. గ్రీకులో సరిగ్గా ఇదే పద్ధతి, ఆ అచ్చూ హల్లూ లెక్కతో సహా. దేవుడు లేడనేవాడు ‘ఎథీస్ట్’: థియోస్ అంటే దేవుడు, హల్లుతో మొదలైంది కాబట్టి ముందు ఉత్త ‘ఎ’. స్పర్శ తెలియకుండా చేసేది ‘అనస్థీషియా’: తర్వాతి మాట అచ్చుతో మొదలైంది కాబట్టి ‘అన్’. రక్తం తక్కువైతే ‘ఎనీమియా’, హైమా అంటే రక్తం. లాటిన్ ‘ఇన్’, ఇంగ్లీషు సొంత ‘అన్’ కూడా ఈ తల్లి పిల్లలే. సంస్కృతం అన్, గ్రీకు అన్, లాటిన్ ఇన్, ఇంగ్లీషు అన్: నలుగురు తోబుట్టువులు.

మరి ఎక్కడ అన్, ఎక్కడ ఇన్? ఇంగ్లీషు పాత మాటలకి అన్, లాటిన్ నుంచి వచ్చినవాటికి ఎక్కువగా ఇన్. దీన్ని నియమంగా పట్టుకుంటే మాత్రం దెబ్బ తింటారు. ‘అన్‌ఏబుల్’ అంటారు, నామవాచకం చేస్తే ‘ఇనెబిలిటీ’. ‘అన్‌జస్ట్’, కానీ ‘ఇంజస్టిస్’. ‘అనీక్వల్’, కానీ ‘ఇనీక్వాలిటీ’. ఇవి జంటలుగా పలికించి చెవికి అలవాటు చెయ్యడమే దారి.

క్రియ ముందు వచ్చే ‘అన్’ మాత్రం వేరు. అన్‌లాక్, అన్‌డూ, అన్‌మ్యూట్. ఇక్కడ ‘కాదు’ అని కాదు, చేసినదాన్ని విప్పడం. 2020 జూన్‌లో లాక్‌డౌన్ సడలించినప్పుడు ‘అన్‌లాక్’ అన్నది ఈ అర్థంలోనే. దీని పుట్టుక కూడా వేరు, గ్రీకు ‘యాంటీ’ వైపు చుట్టం. గుణం ముందు ఉంటే ‘లేని’ అనుకోండి, పని ముందు ఉంటే ‘ముడి విప్పు’ అనుకోండి.

‘పరి’ అంటే చుట్టూ. పరిధి, పరిసరం. గ్రీకు ‘పెరి’ అదే: చుట్టుకొలత పెరిమీటర్, గుండె చుట్టూ ఉన్న పొర పెరికార్డియం. ‘దుస్’కి గ్రీకు ‘డిస్’: పేగులకి చేసిన చెడు డిసెంట్రీ, ఊపిరి కష్టమైతే డిస్ప్నియా. ‘సు’కి గ్రీకు ‘యు’. థైరాయిడ్ రిపోర్టులో యూథైరాయిడ్ అని ఉంటే భయపడకండి, థైరాయిడ్ సరిగ్గా ఉందని అర్థం. ‘మహా’కి మెగా. ‘సమ’కి హోమో. ‘ఉప’ లాటిన్‌లో ‘సబ్’, మన సబ్ రిజిస్ట్రార్‌లో ఉన్నది.

స కాస్తా హ కావడం గ్రీకు అలవాటు. సప్త అక్కడ హెప్టా, సమ అక్కడ హోమో. సింధు హిందూ అయింది పర్షియన్ నోట్లో. అక్కడా ఇదే మార్పు, కాబట్టి మనకి వింతగా ఉండదు. లాటిన్‌లో స అలాగే నిలిచింది. అందుకే అదే ‘సగం’ లాటిన్‌లో సెమి, గ్రీకులో హెమి. సెమీ ఫైనల్, హెమిస్ఫియర్.

‘అమూల్యం’ అనే మాట నాకు చాలా ఉపయోగపడింది. మూల్యం లేనిది అమూల్యం. అంటే పనికిరానిది అనా? కాదు, వెల కట్టలేనిది. ఇంగ్లీషు ‘ఇన్‌వాల్యుబుల్’ ముక్కకి ముక్క ఇదే. దాన్ని విలువలేనిదని రాసిన పిల్లలకి అమూల్యం గుర్తు చేస్తే మళ్ళీ తప్పు రాయరు. పెట్రోలు ట్యాంకర్ల వెనక ఉండే ‘ఇన్‌ఫ్లేమబుల్’ సంగతి వేరు. అక్కడి ఇన్ ‘కాదు’ కాదు, ‘లోపలికి’ అనే రెండో ఇన్. ఇట్టే మంట అంటుకుంటుందని హెచ్చరిక. ప్రాణం మీదికి తెచ్చే మాట కాబట్టి పిల్లలకి మొదటి వారంలోనే చెప్పండి.

సంధి మన సొత్తే

ఇన్ ఒక్కోచోట ఇల్, ఇర్, ఇమ్ ఎందుకవుతుంది? పిల్లలు నాలుగు ఉపసర్గలనుకుని నాలుగుసార్లు బట్టీ పడతారు. అది సంధి. ఉత్ + లాసం = ఉల్లాసం. ఇన్ + లీగల్ = ఇల్లీగల్. పక్కన ల రాగానే ముందున్న హల్లు కూడా ల అయిపోయింది, రెండుచోట్లా. ఇన్ + రెగ్యులర్ = ఇర్రెగ్యులర్. ఇంపాసిబుల్‌లో ప పెదవులతో పలికేది కాబట్టి దాని ముందు న కూడా పెదవుల మీదికి వచ్చి మ అయింది. ‘సంపూర్ణం’ అనండి, సున్న దగ్గర పెదాలు మూతపడతాయి. ‘సంగీతం’ అనండి, మూతపడవు. రాసేది ఒకే సున్న, పలికేది రెండు. ఇంగ్లీషువాడికి సున్న లేదు కాబట్టి పలికినట్టే అక్షరం మార్చి రాసుకున్నాడు.

లాటిన్ ‘కమ్’ కూడా ఇంతే. మన ‘సం’లాగే కూడి అని అర్థం, మూలం మాత్రం వేరు. కంపేర్, కనెక్ట్, కలెక్ట్, కరెక్ట్, అన్నిటిలో ఉన్నది ఆ ఒక్కటే. శిస్తు కూడగట్టేవాడు కలెక్టర్. సబ్ కలెక్టర్ అన్న హోదాలో రెండు ఉపసర్గలున్నాయన్నమాట.

సంధి తెలిస్తే స్పెల్లింగ్ తప్పులూ పోతాయి. ఇల్లీగల్‌లో ఎల్ రెండు: ఒకటి ఉపసర్గది, ఒకటి మాటది. అన్‌నెసెసరీలో ఎన్ రెండు, మిస్‌స్పెల్‌లో ఎస్ రెండు. డిసప్పియర్‌లో ఎస్ ఒక్కటే, ఎందుకంటే అప్పియర్ అచ్చుతో మొదలవుతుంది. ఎన్ని రాయాలో అనుమానం వస్తే మాటని విడదీసి రాసుకుని మళ్ళీ కలపండి.

తెలుగు లిపి దాచేసేవి

ఇక్కడ మన లిపి మనల్ని ఇబ్బంది పెడుతుంది. గర్భిణులకి చేసే యాంటీనేటల్ చెకప్, బాక్టీరియా వల్ల వచ్చే జబ్బులకి వాడే యాంటీబయాటిక్, రెండూ తెలుగులో ఒకేలా రాస్తాం. మొదటిది చివర ఇంగ్లీషు ‘ఈ’ (e) ఉన్న లాటిన్ ఉపసర్గ, అర్థం ‘ముందు’. కాన్పుకి ముందు అని. గడియారంలో ఏఎం అన్నప్పటి ‘ఏ’ కూడా అదే, మధ్యాహ్నానికి ముందు. రెండోది చివర ‘ఐ’ (i) ఉన్న గ్రీకు ఉపసర్గ, అర్థం ‘వ్యతిరేకం’. ‘యాంటీనేటల్ అంటే పిల్లలు పుట్టకుండా చేసేదా’ అని ఒక కొత్త కోడలు నన్ను కంగారుగా అడిగింది. ఆ పిల్ల భయం చూశాక దీన్ని ప్రతి బ్యాచ్‌కీ తప్పకుండా చెబుతున్నాను.

‘డిస్’ కూడా అంతే. డి, వై, ఎస్ అని ఉంటే గ్రీకుది, మన దుస్: చెడు, కష్టం. డి, ఐ, ఎస్ అని ఉంటే లాటిన్‌ది: విడిగా, కాకుండా. డిసగ్రీ, డిస్‌కనెక్ట్. ఇంటర్, ఇంట్రా విషయంలోనూ జాగ్రత్త. ఇంటర్ రెంటి నడుమ, ఇంట్రా ఒకదాని లోపల. ఇంట్రావీనస్ అంటే సిర (రక్తనాళం) లోపలికి ఎక్కించేది. కాబట్టి నోటుబుక్కులో తెలుగులో అర్థం రాసుకున్నా, ఉపసర్గని మాత్రం ఇంగ్లీషు అక్షరాలతో రాసుకోండి.

అంకెలు

ఇవి తేలిక. సప్త, అష్ట, నవ, దశ: సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, డిసెంబర్. పాత రోమన్ల లెక్కలో ఏడాది మార్చితో మొదలయ్యేది కాబట్టి డిసెంబర్ పదో నెల. ఒక్క సెమిస్టర్ దగ్గర ఆగండి. అందులో సెమి లేదు. లాటిన్‌లో సెక్స్ అంటే ఆరు, మెన్సిస్ అంటే మాసం. రెండూ కలిసి నలిగి సెమిస్టర్ అయ్యాయి. మన షణ్మాసం! షట్, మాసం రెండు ముక్కలూ వాటికి తోబుట్టువులే.

కొలతల్లో ఒక చక్కటి ఏర్పాటుంది. 1795లో ఫ్రెంచివాళ్ళు మెట్రిక్ పద్ధతి కట్టినప్పుడు పెంచేవాటికి గ్రీకు, తగ్గించేవాటికి లాటిన్ తీసుకున్నారు. డెకా, హెక్టో, కిలో పెద్దవి. డెసి, సెంటి, మిల్లి చిన్నవి. భూమి కొలతల్లో కనిపించే హెక్టారు ఆ హెక్టో నుంచే, వంద ‘ఆర్’లు (ఒక ఆర్ అంటే వంద చదరపు మీటర్లు). మైక్రో తర్వాత చేరింది, మిల్లిలో వెయ్యో వంతు. థైరాయిడ్ తక్కువైనవాళ్ళు వేసుకునే థైరాక్సిన్ మాత్రల మీద ఉండేది సాధారణంగా మైక్రోగ్రాములే, మిల్లీగ్రాములు కాదు. మందుల షాపులో పేరు చదివి ఊరుకోకుండా ఈ ముక్క కూడా చదవండి.

నోటుబుక్

200 పేజీల పొడుగు నోటుబుక్ తీసుకోండి. ఒక పేజీకి ఒక ఉపసర్గ. పైన ఇంగ్లీషు అక్షరాల్లో ఉపసర్గ, పక్కన తెలుగు జంట, జంట లేకపోతే అర్థం. కింద మాటలు. రోజుకి ఐదు చాలు. ఒక షరతు: ఫోన్లో వెతికి దొరికిన పట్టీ ఎక్కించకూడదు. మీ కంటబడిన మాటే రాయాలి, ఎక్కడ కంటబడిందో కూడా రాయాలి. మాత్రల అట్ట, కరెంటు బిల్లు, బడి నుంచి వచ్చిన సర్క్యులర్, బస్టాండు గోడ. ‘ప్రీపెయిడ్: తమ్ముడి సిమ్ అట్ట మీద’ అని రాసుకున్న పిల్ల ఆ ‘ప్రీ’ని మరచిపోలేదు. ఆ పేజీలోనే ‘ప్రీపోన్’ కూడా చేరింది. అది మన దేశంలో ఎక్కువగా వాడే మాట, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉంది.

హైపో, హైపర్ మాత్రం ఎదురెదురు పేజీల్లో రాయించండి. షుగర్, బీపీ, థైరాయిడ్ మూడింటికీ ఈ రెండూ వస్తాయి. మా ఇంట్లో ఆ రెండు పేజీల నకలు ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది. షుగర్ విషయంలో: హైపో, ఉప, తక్కువ, చక్కెర ఇవ్వాలి. హైపర్, ఉపరి, ఎక్కువ, ఇవ్వకూడదు. షుగర్ చూసే మిషన్ కూడా ఆ ఫ్రిజ్ మీదే ఉంటుంది.

ఆదివారం పిల్లల్ని బయటికి తీసుకెళ్ళండి. మా ఊరి చివర జామాయిల్ తోటలున్నాయి. పోయిన నెల ఒక మొగ్గ కోసి పిల్లల అరచేతిలో పెట్టాను. దాని మీద చిన్న టోపీలా మూత ఉంటుంది. గోటితో తీస్తే లోపల కేసరాలు తెల్లగా ముడుచుకుని ఉంటాయి. చెట్టు పేరు యూకలిప్టస్. యు అంటే సు, కలిప్టోస్ అంటే కప్పినది. బాగా కప్పి ఉన్నదని ఈ మూతని చూసి పెట్టిన పేరు. పిల్లలందరూ తలో మొగ్గా కోసుకుని మూతలు తీశారు. ఇంటికొచ్చి ‘యు’ పేజీలో రాసుకున్నారు, పక్కన ‘జామాయిల్ తోట, ఆదివారం’ అని.